పెలోరా కాన్సులేటు భోజన విరామం

కాపెల్, టెక్సస్
2 మే 1983, సోమవారం (కార్యాలయ దినం)
దస్త్రం సంఖ్య: 1

హెర్న్‌డన్, వర్జీనియా వాస్తవ్యులు శ్రీ తలతోటి దైవాశీర్వాదం గారికి, పెలోరా ద్వీపభూభాగపు గౌరవ కాన్సులు పిల్లలమర్రి రాధాకృష్ణ వ్రాయునది.

ఏ కార్యమునైనను దాని ఫలితమును బట్టి కాక పద్ధతిని బట్టి తూచవలెను. పద్ధతి ప్రకారం మునిగిన ఓడ, పద్ధతి లేకుండా ఒడ్డు చేరిన ఓడ కంటె ఫైలులో చక్కగా కనబడుతుంది. పద్ధతి అనగా, చేయవలసిన పనికీ చేసే మనిషికీ మధ్య ఉండవలసిన గౌరవప్రదమైన దూరం. ఈ మూడు వాక్యాలనూ ప్రతి పత్రం మొదట వ్రాయవలెనని నేనే నిర్ణయించి, నేనే ఆమోదించాను.

ఇక విషయం. మీకు తెలిసినదే అయినా దస్త్రంలో ఉండవలెను గనుక వ్రాస్తున్నాను. మనమిద్దరం ఎనిమిదేళ్ళు ఉపాధ్యాయులుగా పనిచేసిన పెలోరాలో రాజకీయ సంక్షోభం వచ్చింది. ముఖ్యమంత్రి గారు శాసనసభలో ఉండి లోపల గడియ పెట్టుకున్నారు. స్పీకరు గారు బయట ఉండి తాళం వేశారు. ఎవరు ఎవరిని నిర్బంధించారన్నది ఇంకా తేలలేదు.

ప్రభుత్వం కూలినచో అమెరికాలో పెలోరా ప్రయోజనాలను కాపాడుటకు పద్దెనిమిది నిబంధనలతో ఒక ముందుజాగ్రత్త ప్రణాళిక సిద్ధం చేశాను. మూడు ప్రతులు పెలోరాకు పంపాను. ఒకటి మీకు జతపరిచాను. ఆరవ నిబంధన ప్రకారం, కాన్సులు అందుబాటులో లేకపోయినా, ఆయన విధేయత అనుమానాస్పదమైనా, ప్రత్యామ్నాయ కాన్సులు బాధ్యత స్వీకరించవలెను. ఆ స్థానంలో మీ పేరు వ్రాశాను. అంగీకారం తెలుపగలరు.

అమెరికాలో ప్రస్తుతం పెలోరా ప్రయోజనాలు మొత్తం ఒకటి. పేరు జయంతి. మన బడిలో ముందు బెంచీలో కూర్చునే పిల్ల. వాళ్ళ ముత్తాత చెరకు తోటల పనికి విశాఖ నుంచి ఓడ ఎక్కినవాడు. ఇప్పుడు డాలస్‌లో నర్సింగ్ ఆఖరి సంవత్సరంలోకి వస్తోంది. ఆమె పాస్‌పోర్టు గడువు సెప్టెంబరు 30తో ముగుస్తుంది. గడువు పొడిగించే ముద్ర అమెరికా మొత్తం మీద నా గరాజులోనే ఉంది. అయితే గడువుకు అరవై రోజుల ముందు వరకు ఆ ముద్ర వేయరాదని నియమం. కనుక ఆగస్టు 1 వరకు ప్రభుత్వం నిలబడితే చాలు.

భవదీయుడు,
పి. రాధాకృష్ణ
గౌరవ కాన్సులు

తా.క.: ఇది వ్యక్తిగతం. విమల వదినకు మోకాలి నొప్పి తగ్గిందా? నువ్వు సిగరెట్లు మానేశావా, లేక మానేశానని చెప్పడం మొదలుపెట్టావా?


హెర్న్‌డన్, వర్జీనియా
15 మే 1983

ఒరే రాధాకృష్ణా,

నీ ప్రణాళిక చేరింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని రెండు చేతులతో ఇచ్చాడు.

నేను చేసేది కౌంటీలో బడి బస్సుల ఆఫీసు ఉద్యోగమని మరిచిపోయి ఉంటావు. మాకూ ముందుజాగ్రత్త ప్రణాళిక ఉంది. మొత్తం ఒకటే వాక్యం: డ్రైవరుకు రోడ్డు కనబడకపోతే బస్సు ఆపవలెను. పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. నీ పద్దెనిమిది నిబంధనల్లో జెండా ఉతికే విధానానికి ఒక పేజీ ఉంది. జయంతి పేరు ఎక్కడా లేదు.

పదకొండవ నిబంధన చదివి విమల టీ ఒలకబోసుకుంది. భోజన విరామానికి పేజీన్నరా? "విరామము మధ్యాహ్నము పన్నెండున్నరకు మొదలై భోజనముతో ముగియును. భోజనము మజ్జిగతో ముగియును. చేతులు కడుగుకొనుట ముగింపు కాదు, అంతరాయము మాత్రమే. ఆ సమయమున వచ్చు అత్యవసర కార్యములను కాన్సులు ఎడమ చేతితో నిర్వర్తింపవచ్చును." ఎడమ చెయ్యి ఎందుకని విమల అడిగింది. కుడిచెయ్యి ఎంగిలి కదా, ప్రభుత్వ ముద్రకు ఎంగిలి అంటదా అన్నాను. చెప్పాక, నిన్ను సమర్థించినందుకు నాకే సిగ్గేసింది.

నాలుగో నిబంధన ఇంకా ఘనం. భోజన సమయంలో ప్రభుత్వం కూలినట్టు తెలిస్తే, భోజనం అయ్యి ఆఫీసు తెరిచేదాకా నీ గరాజులో ఆ ప్రభుత్వం కూలనట్టేనట. పెలోరా వాళ్ళు ఇది చదివే ఒకరి మీద ఒకరు తాళం వేసుకున్నారేమో.

ప్రత్యామ్నాయ కాన్సులుగా ఉండడానికి ఒప్పుకుంటున్నాను. బాధ్యతలేవీ రావు కాబట్టి.

శాంతి చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
దైవం


కాపెల్
1 ఆగస్టు 1983, సోమవారం
దస్త్రం సంఖ్య: 1, అనుబంధం 7

శ్రీ దైవాశీర్వాదం గారికి,

పెలోరా ప్రభుత్వం నేటికీ నిలిచియున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను. ముఖ్యమంత్రి గారికి భోజనం కిటికీలోంచి అందుతోంది.

నేటి ఉదయం జయంతి రెండు బస్సులు మారి వచ్చి దరఖాస్తు సమర్పించింది. అభ్యంతరాలు ఆహ్వానిస్తూ దాన్ని పధ్నాలుగు రోజులు నోటీసు బోర్డు మీద ఉంచవలెను గనుక గరాజు తలుపుకు అంటించాను. ఇది పదమూడవ నిబంధన. ఈ వీధిలో పెలోరా పేరు విన్నవారెవరూ లేరు. అయినా అభ్యంతరం చెప్పే హక్కును వారికి నిరాకరించలేను.

"అంకుల్, జస్ట్ స్టాంప్ చేసెయ్యండి. నేను ఎవరికీ చెప్పను," అంది జయంతి.

ఆ మాటను ఆమె వయసు దృష్ట్యా రికార్డు చేయలేదు. శాంతి మాత్రం తలుపు దగ్గర నిలబడి, ఆ ముద్ర వేస్తే మీ చెయ్యి అరిగిపోతుందా అని అడిగింది. దాన్ని అభ్యంతరంగా నమోదు చేశాను.

ముద్ర ఆగస్టు 15 సోమవారం మధ్యాహ్నం వేయబడును.

పి. రాధాకృష్ణ


హెర్న్‌డన్
6 ఆగస్టు 1983

రాధాకృష్ణా,

ఉత్తరం అందగానే ముద్ర వెయ్యి. పద్ధతి గురించి తరువాత ఎంతసేపైనా పోట్లాడుకుందాం. రోడ్డు కనబడడం లేదు. బస్సు ఆపు.

దైవం


కాపెల్
15 ఆగస్టు 1983, సోమవారం, సాయంత్రం

దైవం,

ఈ ఉత్తరానికి దస్త్రం సంఖ్య వేయలేదు. వేయడానికి ప్రభుత్వం లేదు.

పన్నెండు గంటలకు నోటీసు గడువు తీరింది. అభ్యంతరాలు ఏమీ లేవు, శాంతిది తప్ప. కాగితం తీసి, రిజిస్టరులో నకలు రాసేసరికి పన్నెండున్నర అయింది. ముద్ర భోజనం తరువాత వేస్తానన్నాను. జయంతి పాస్‌పోర్టు ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగానే అన్నానికి కూర్చుంది. వంకాయ కూర అయింది. పప్పు అయింది. చారు కలుపుకున్నాను. అప్పుడు ఫోన్ మోగింది.

ముఖ్యమంత్రి గారి కార్యదర్శి. స్పీకరు గారు తాళం తీశారట. లోపలివారు గడియ కూడా తీశారట. తీసి చూస్తే ముఖ్యమంత్రి గారు వెనక కిటికీలోంచి పడవ ఎక్కి వెళ్ళిపోయి అప్పటికే రెండు గంటలు. ప్రభుత్వం కూలింది. కార్యదర్శి ఇవన్నీ చెప్పి, నాకు టెక్సస్‌లో ఏదైనా ఉద్యోగం చూస్తారా అని అడిగాడు.

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. కొత్త ప్రభుత్వానికి స్టాంపు లేదు, పాస్‌పోర్టులు లేవు. అచ్చు కావడానికి జనవరి అవుతుందట. పాత స్టాంపు నా సొరుగులో ఉంది. కూలిన ప్రభుత్వపు స్టాంపు వేస్తే అది ఫోర్జరీ. కాలేజీ రిజిస్ట్రేషన్ ఇరవై ఆరున. ఆ రోజుకి పాస్‌పోర్టు మీద పొడిగింపు లేకపోతే సీటు పోతుంది. సీటు పోతే వీసా. వీసా పోతే పంపించేస్తారు. పెలోరాకి విమానాలే ఆగిపోయాయి. ఎక్కడికి పంపుతారు?

ఆ పిల్ల ఏడవలేదు. కంచం తీసి సింకులో పెట్టి, "అంకుల్, నేను ప్యాక్ చేసెయ్యనా?" అంది. రెండు వారాలు నా గరాజు తలుపు మీద దాని పేరు ఎండలో ఎండింది, దైవం. దాన్ని అక్కడ అంటించింది నేనే.

గరాజు తలుపు మళ్ళీ ఎత్తలేదు. చారన్నంతో లేచినవాడిని. రాత్రికీ అంతే. పెరుగు ముఖం చూడబుద్ధి కావడం లేదు. శాంతి నాతో మాట్లాడడం లేదు. న్యాయమే.

రాధాకృష్ణ


హెర్న్‌డన్
18 ఆగస్టు 1983
ఎక్స్‌ప్రెస్ పోస్టు

పెలోరా ద్వీపభూభాగపు మాజీ లేదా ప్రస్తుత గౌరవ కాన్సులు శ్రీ పి. రాధాకృష్ణ గారికి, పెలోరా నూతన ప్రభుత్వపు కాన్సులు తలతోటి దైవాశీర్వాదం వ్రాయునది.

మీరు సరిగానే చదివారు. మీరు పంపిన ప్రణాళిక మూడు ప్రతులూ పారిపోయిన ముఖ్యమంత్రి గారి బల్ల మీద దొరికాయి. కొత్త ప్రభుత్వంలో ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదట. అంత వివరమైన పత్రం వారి జీవితంలో చూడలేదట. అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తున్నారు. జెండా ఇప్పటికే ఉతికారు. ఆరవ నిబంధన కింద మీ విధేయత అనుమానాస్పదమని తీర్మానించి, పదహారో తారీఖున నాకు టెలిగ్రాం ఇచ్చారు.

ఒక నిజం చెప్పాలి. ఆ టెలిగ్రాం వచ్చిన రోజే నీకు ఫోన్ చెయ్యవలసింది. చెయ్యలేదు. ఫ్రిజ్ తలుపుకి అతికించి రెండు రోజులు చూసుకున్నాను. విమల చర్చిలో బుధవారం ప్రార్థనలో చెప్పేసింది. మన తెలుగు సంఘం పెద్ద అబ్రహాం గారు నిలబడి, కాన్సులు గారి కోసం ప్రార్థన చేశారు. పదకొండేళ్ళుగా ఆయన నన్ను బస్సుల దైవాశీర్వాదం అనే పిలిచేవారు. కారుకి చిన్న జెండా పెట్టుకోవచ్చునట. కొలత కూడా తీశాను. ఈ పొద్దున నీ ఉత్తరం వచ్చింది. నాలుగోసారి చదివాక కొలత కాగితం చింపేశాను.

ఇక అధికార విషయం. మిమ్మల్ని స్టాంపు స్వాధీనం చేయమని కోరవలసిందిగా మా ప్రభుత్వం నన్ను ఆదేశించింది. అడిగే ముందు ఒక వాస్తవాన్ని నిర్ధారించుకోవలసి ఉంది. కొత్త ప్రభుత్వం మీ నాలుగో, పదకొండో నిబంధనలను కూడా యథాతథంగా ఆమోదించినట్టు టెలిగ్రాంలో ఉంది. కనుక ఈ ప్రశ్న.

15వ తేదీన ఫోన్ మోగినప్పుడు మీ కంచంలో ఉన్న పదార్థం ఏది? మజ్జిగ పోయబడినదా? నాటి నుంచి నేటి వరకు ఏ పూటనైనా పోయబడినదా?

మరొక విధంగా అడుగుతాను. కాన్సులు గారూ, మీ భోజనం అయిందా?

బాగా ఆలోచించి సమాధానం ఇవ్వండి. ఆలోచిస్తున్నంతసేపూ ఫ్రిజ్ జోలికి వెళ్ళకండి.

టి. దైవాశీర్వాదం
కాన్సులు


కాపెల్
22 ఆగస్టు 1983, సోమవారం
దస్త్రం సంఖ్య: 1, అనుబంధం 8

మాన్యులైన ప్రతిపక్ష కాన్సులు గారికి,

మీ లేఖ అందినది.

సమాధానం: చారు. మజ్జిగ పోయబడలేదు. నాటి నుంచి నేటి వరకు ఏ పూటా పోయబడలేదు. దీనికి నా భార్య శాంతి సాక్షి. ఆమె ఆ విషయమై నా మీద కోపంతో ఉన్నందున సాక్ష్యం నిష్పాక్షికం. పదకొండవ నిబంధన ప్రకారం చేతులు కడుక్కొనుట అంతరాయం మాత్రమే. కావున కాన్సులేటు భోజన విరామంలో ఉన్నది. కావున ఈ గరాజులో ప్రభుత్వం కూలలేదు.

నేడు జయంతిని పిలిపించి, భోజనాల బల్ల వద్దనే, కుడిచేతికి చారన్నం ఉండగా, ఎడమ చేత్తో ముద్ర వేశాను. అది తూర్పుకు తిరిగి ఒరిగి పడింది. జయంతి అటు నుంచి అటే కాలేజీకి వెళితే, ఆఫీసులోని ఆవిడ ముద్ర వంకరగా ఉందేమని అడిగిందట.

"కాన్సులు గారు లంచ్‌లో ఉన్నారు మేడమ్," అందట జయంతి.

ఆవిడ ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది. ఈ టర్ముకీ, మళ్ళీ జనవరిలో వచ్చే ఆఖరి టర్ముకీ, ఆ ముద్ర వేసిన ఆఫీసు ఇంకా అమల్లోనే ఉందని ఇద్దరు కాన్సుళ్ళూ రాసివ్వాలి. కొత్త పాస్‌పోర్టు చేతికి వచ్చేదాకా ఇదే ఏర్పాటు.

అనగా జనవరి వరకు నా భోజనం పూర్తి కాకూడదు.

మీకు తెలుసు. పెలోరాలో పెరుగు దొరకని ఆ మొదటి ఏడాది, పొడిపాలు తోడుపెట్టి తిన్నవాడిని.

పి. రాధాకృష్ణ
గౌరవ కాన్సులు (భోజనంలో)


హెర్న్‌డన్
9 అక్టోబరు 1983

శ్రీ రాధాకృష్ణ గారికి,

నేను రాసివ్వవలసిన పత్రం కాలేజీకి పంపాను. మా ప్రభుత్వం ప్రతి వారం, ఆయన భోజనం ఎంతవరకు వచ్చిందని టెలిగ్రాం ఇస్తోంది. ఇంకా చారులోనే ఉన్నారని బదులిస్తున్నాను. కిందటి వారం స్పీకరు గారే, అంటే ఇప్పుడు ముఖ్యమంత్రి గారే, ఫోన్ చేసి అన్నారు: "దైవం మాస్టారూ, ఆయన మా బళ్ళో ఉన్నప్పుడు కూడా ఇంతేనండి. గంట కొట్టినా తినడం ఆపేవారు కాదు." ఆయనకు నిబంధన మీద అనుమానం లేదు. నీ మీద కూడా లేదు. ఆకలి మీద మాత్రమే ఉంది.

చెల్లెమ్మ విమలకు ఫోన్ చేసిందిట. నువ్వు నిద్రలో తోడు, తోడు అంటున్నావట. తోడుకు పిలుస్తున్నావో పాలలో వేస్తున్నావో తేలలేదట. జాగ్రత్త.

టి. దైవాశీర్వాదం


కాపెల్
20 నవంబరు 1983, ఆదివారం

దైవం,

ప్రభుత్వం కూలిపోయిందేమోనని భయంగా ఉంది. అధికార లేఖ కాదిది. నిజం ఒప్పుకోవడానికి పనికివచ్చే ఫారం ఏదీ నా దగ్గర లేదు.

నిన్న ఇక్కడి మిత్రుడు శ్రీధర్ వాళ్ళింట్లో విందు. వాళ్ళావిడ నళిని వడ్డిస్తోంది. చివర్లో దానిమ్మ గింజలు వేసిన పెరుగన్నం గిన్నెతో వచ్చింది. కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టాను. అప్పటికి మూడు నెలలుగా ఎక్కడికి వెళ్ళినా ఇదే వరస. నాకు షుగరని కొందరు, మొక్కుకున్నానని కొందరు అనుకుంటున్నారు. ఒకాయన నా కోసం కాకరకాయ పొడి తెప్పించాడు. వద్దనలేక అది కూడా తిన్నాను. ఇవన్నీ తట్టుకున్నాను.

ఇంటికొచ్చాక ఇవాళ మధ్యాహ్నం శాంతి ఆనపకాయ ముక్కలతో పులుసు చేసింది. రెండుసార్లు వేయించుకున్నాను. మూడు నెలల్లో అంత తృప్తిగా తిన్నది లేదు. ఎందుకింత బాగుందని అడిగాను.

"మజ్జిగ పులుసు కదండీ, బాగోదూ?" అంది.

మజ్జిగ, దైవం. పేరులోనే ఉంది. ఒంటిగంటా పది నిమిషాలకు. నేను చేయి కడుక్కోకుండా అలాగే కూర్చున్నాను. శాంతికి అప్పుడు తట్టింది. జనవరిలో నేను ఏ ముఖంతో రాసివ్వను? అబద్ధం రాయలేను. నిజం రాస్తే ఆ పిల్ల ఆఖరి టర్ము పోతుంది. ఆగస్టులో పద్ధతితో ఒకసారి ముంచాను. ఇప్పుడు రెండు గరిటెల పులుసుతో.

నిన్ను తీర్పు చెప్పమని అడుగుతున్నాను. నీది అవతలి ప్రభుత్వం. నాకు అనుకూలంగా చెప్పవలసిన అవసరం నీకు లేదు.

రాధాకృష్ణ


హెర్న్‌డన్
25 నవంబరు 1983

పెలోరా నూతన ప్రభుత్వపు కాన్సులు వారి నిర్ణయము

వాదనలు విన్నాము. నిపుణురాలిగా శ్రీమతి విమలకుమారి వాంగ్మూలం తీసుకున్నాము. వాంగ్మూలమిచ్చేటప్పుడు ఆమె ఉల్లిపాయలు తరుగుతున్నందున కన్నీటిని పరిగణనలోకి తీసుకోలేదు.

ఒకటి, మజ్జిగ పొయ్యి ఎక్కిన క్షణం నుంచి తన పూర్వస్థితిని కోల్పోవును. పసుపు, పోపు, ముక్కలు చేరిన పిదప అది పులుసు. రెండు, భోజనంలో పులుసుకున్న స్థానం చారుకు ముందే గాని తరువాత కాదు. అనగా ఇన్నాళ్ళూ చారు దగ్గర ఉన్న కాన్సులు ముందుకు వెళ్ళలేదు సరికదా, వెనక్కి వచ్చారు. భోజనం ముగియుటకు ఆయన మునుపటి కంటె ఇంకా దూరంలో ఉన్నారు.

ప్రభుత్వం కూలలేదు.

పెరుగువడల విషయంలో ఇదే తీర్పు వర్తిస్తుందని అనుకోవద్దు. వర్తించదు.

టి. దైవాశీర్వాదం

తా.క.: చెల్లెమ్మని ఏమీ అనకు. పులుసు ఎలా చేసిందో విమల రాసి పంపమంటోంది.


కాపెల్
23 జనవరి 1984, సోమవారం
దస్త్రం సంఖ్య: 1, ఆఖరి పత్రం

శ్రీ దైవాశీర్వాదం గారికి,

ఈ నెల ఆరంభంలో కాలేజీవారికి ఇద్దరం రాసిచ్చిన పత్రాలు అంగీకరింపబడ్డాయి. జయంతి ఆఖరి టర్ములో చేరింది. మీరు పంపిన కొత్త పాస్‌పోర్టు శనివారం అందింది. పచ్చ అట్ట, నిటారుగా పడిన ముద్ర. అసూయ పడ్డాను.

నేడు పన్నెండున్నరకు జయంతి వచ్చింది. బయల్దేరే ముందు వాళ్ళమ్మతో ఫోన్‌లో మాట్లాడిందట. గవర్నమెంట్ ఎవరిదైనా పరీక్ష రాసే రమ్మందట ఆవిడ. కాన్సులేటు భోజనం కొనసాగింది. శాంతి అన్నం పెట్టింది. గిన్నె మాత్రం జయంతి తీసుకుంది.

"ఇంక పోసెయ్యనా, అంకుల్?"

పోయమన్నాను. నూట అరవై రెండవ రోజున, ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలకు, మాగాయ ముక్కతో ప్రభుత్వం కూలింది. ఎవరూ గాయపడలేదు. రెండోసారి పోయించుకుని మళ్ళీ కూల్చాను.

చెయ్యి కడుక్కుని గరాజు తలుపు ఎత్తి, రిజిస్టరులో వార్త నమోదు చేసి, పాత స్టాంపును గుడ్డలో చుట్టి మీకు పార్సెలు కట్టబోతుండగా పెలోరా నుంచి ఉత్తరం వచ్చింది. మీరు డిసెంబరులోనే రాజీనామా చేశారనీ, నూతన ప్రభుత్వానికి నన్నే కాన్సులుగా సిఫార్సు చేశారనీ, నేను మజ్జిగ తిన్న మరుక్షణం నుంచి మీ రాజీనామా, నా నియామకం రెండూ అమల్లోకి వస్తాయనీ అందులో ఉంది. ఈ సంగతి నాకు రాసిన మూడు ఉత్తరాల్లో మీరు ఎక్కడా చెప్పలేదు.

ఒరే దైవం. అబ్రహాం గారికి ఏమని చెప్పుకున్నావురా? కారు మీద జెండా?

నాకు తెలిసిన గౌరవం ఒకటే, అది కాగితం మీద చేసేది. కనుక ప్రణాళికకు ఒక నిబంధన చేర్చి, నీ పేరును అందులో శాశ్వతంగా ఎక్కిస్తున్నాను. పెలోరాకు మూడు ప్రతులు వెళ్ళాయి. వారు దీన్నీ అక్షరాలా పాటిస్తారు.

పంతొమ్మిదవ నిబంధన (దైవాశీర్వాదం నిబంధన): ఇకమీదట భూమండలమందలి ఏ ప్రభుత్వమైనను, కాన్సులు మజ్జిగన్నము తినక మునుపు కూలరాదు. కూలదలచిన ప్రభుత్వము సోమవారము పన్నెండున్నరకు ముందుగా వ్రాతపూర్వకముగా తెలియజేసి, ఎంతమందికి వండవలెనో చెప్పవలెను. మజ్జిగ పులుసు లెక్కకు రాదు. విద్యార్థుల దరఖాస్తులపై ముద్ర భోజనమునకు ముందే, కుడిచేత్తో, అభ్యంతరములు ఆహ్వానింపకయే వేయవలెను. ఈ నిబంధన అంతిమము. దీనిపై అప్పీలు భోజనానంతరము సైతము స్వీకరింపబడదు.